శనివారం తలనొప్పి

సోమందేపల్లె,
20-8-1958.

చిరంజీవి లక్ష్మీనరసమ్మకు, మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని మీ అక్క ఓబులమ్మ రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం, నా తల ఒక్కటి తప్ప.

నువ్వు అనంతపురంలో నర్సు చదువుకు చేరావని నాయన ఎవరిచేతనో రాయించిన కార్డు అందింది. మన ఇంట్లో మొదట పలక పట్టినదానివి నువ్వు. బడి నుంచి వచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించేదానివి. మాట్లాడినట్టు రాస్తే చేతి మీద కొట్టేదానివి, పుస్తకంలో మాదిరి రాయాలని. ఆ దెబ్బల పుణ్యమే, ఈ ఇంటికంతా ఉత్తరాలు చదివేదాన్ని, రాసేదాన్ని నేనే. మీ బావ జయరాముడికి సంతకం తప్ప రాదు. మా అత్త నాగలక్ష్మమ్మకు అదీ రాదు.

ఈ ఇంటి గొప్పంతా కాఫీలో ఉంది. అత్త తమ్ముడు హిందూపురం నుంచి పొడి తెచ్చి ఇస్తాడు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ వాసనకే నేను ముక్కు మూసుకునేదాన్ని. "సంగటి తినే ఊర్లో పుట్టినావు, నీకేం తెలుస్తాదిలే. తాగు, ఆకలి కాదు" అని అత్త పెద్ద లోటా నిండా పోసేది. నిజమే, ఆకలి కాదు. పొద్దున ఒక లోటా, మధ్యాహ్నం ఒకటి, దీపాలవేళ ఇంకొకటి. వానలు లేక రాగులకే కరువైన ఏడు అది మేలే అనుకున్నాను. కండెలు చుట్టుకుంటూ, మీ బావ పక్కన కూర్చుని అంచు దారపు నాడె అటూ ఇటూ విసురుతూ, తినకుండానే రోజు గడిచిపోతుంది.

చిక్కంతా శనివారంతో వచ్చింది. ఈ ఇంట్లో ఆడవాళ్ళకు శనివారం ఒక్కపొద్దు. దీపం పెట్టేదాకా నీళ్ళు తప్ప నోట్లోకి ఏమీ పోకూడదు. అత్త మాత్రం చీకటితోనే లేచి లోటా కాఫీ తాగుతుంది. పొద్దు పొడవకముందు తాగింది ఒక్కపొద్దుకు లెక్క రాదట. నేను వాకిలి చిమ్మి, తలకు పోసుకుని వచ్చేసరికి పొద్దు పొడిచి ఉంటుంది. మధ్యాహ్నానికి నా తల మొదలవుతుంది. కణతల్లో సమ్మెట పడుతున్నట్టు ఉంటుంది. కళ్ళు తెరవలేను, వాంతి వస్తుంది, దారం తెగితే ముడి వెయ్యలేను. సాయంత్రం దీపం పెట్టి, సామికి మొక్కి, కాఫీ తాగి, ప్రసాదం నోట్లో వేసుకుంటే కాసేపటికి చేత్తో తీసేసినట్టు పోతుంది. మళ్ళీ శుక్రవారం దాకా ఏమీ లేదు. శనివారం మాత్రం తప్పదు.

అత్త ఏమంటుందో తెలుసా. "అక్కచెల్లెండ్లు ఇద్దరికీ ఆ నరసింహసామి పేరే పెట్టినాడు మీ నాయన. ఏందో మొక్కుకుని ఎగ్గొట్టింటాడు. సామి నిన్ను పట్టుకుని అడుగుతాండాడు." ఆ మొక్కేదో తీరకపోతే నన్ను పుట్టింటికి, తనకల్లుకు తోలేసి, మీ బావకు వేరే పిల్లను చూస్తానని పక్కింటి అక్కమ్మతో చెప్పింది, నాకు వినపడేటట్టు.

నాయనను అడిగి రాయి. తీర్చని మొక్కు ఏదైనా ఉందా?

నీ అక్క,
ఓబులమ్మ.


అనంతపురం,
15-9-1958.

అక్కకు, ఆసుపత్రి హాస్టలు కిటికీ దగ్గర నుంచి నీ నరసమ్మ నమస్కారాలు.

సెలవు పెట్టి తనకల్లు పోయి నాయనను అడిగాను. నువ్వు పుట్టినప్పుడు కదిరిలో తలనీలాలు, నీ పెళ్ళికి అఖండదీపం, అంతే మొక్కులు, రెండూ తీర్చానని చెప్పాడు. ఒక్క కొబ్బరికాయ కూడా బాకీ లేదట. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. నీకు రాయవద్దన్నాడు. రాస్తున్నాను, ఎందుకంటే నీ తలనొప్పికి సామితో సంబంధం లేదని నాకు గట్టిగా తెలుసు.

మాకు ఆరోగ్యశాస్త్రం పాఠంలో కాఫీ గురించి చెప్పారు. అందులో నరాలను రేపే పదార్థం ఉంది. అది నిద్రను దూరం చేస్తుంది, ఆకలి తెలియనివ్వదు, గుండెను వేగంగా కొట్టిస్తుంది, చేతులు వణికిస్తుంది. అన్నం తినవలసిన వేళ కాఫీ తాగేవారికి రక్తం చాలదు. అత్త నీకు తిండి బదులు అది పోస్తున్నది. నీ ఒంట్లో సత్తువ లేదు కాబట్టి ఒక్కపొద్దు నాడు తల తిరిగి నొస్తున్నది.

అక్కా, కాఫీ మానెయ్. కొంచెం కొంచెం అని సాగదీయకుండా ఒక్కసారిగా మానెయ్. పొద్దున అంబలి తాగు, మధ్యాహ్నం మజ్జిగ. వారం తిరిగేసరికి నీకే తెలుస్తుంది. ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు, పుస్తకంలో ఉన్నది.

నీ నరసమ్మ.


సోమందేపల్లె,
28-9-1958.

నరసమ్మా,

నువ్వు చెప్పినట్టే చేశాను.

సోమవారం నుంచి కాఫీ ముట్టలేదు. అత్త ఎగాదిగా చూసింది. "ఏమ్మే, సామి కాఫీ గూడ వద్దంటాండాడా" అంది. మంగళవారం మధ్యాహ్నానికే తల అందుకుంది. శనివారం కాకపోయినా వచ్చింది. బుధవారం మగ్గం దగ్గర ముందుకు తూలి పడుగు మీదే వాంతి చేసుకున్నాను. ఎవరిదో పెళ్ళి చీర, లేత పసుపు పట్టు. మీ బావ నన్ను వదిలి చీర వైపే చూస్తూ కూర్చున్నాడు.

శనివారం ఒక్కటే అనుకుంటే సామి వారమంతా ఎక్కి కూర్చున్నాడని అత్త వీధిలో నిలబడి చెప్పింది. అక్కమ్మ పోయి ఈరప్పను పిలుచుకొచ్చింది. ఈరప్ప పశువులకూ మనుషులకూ వాతలు పెడతాడు. పసుపుకొమ్మును దీపం మంటలో కాల్చి నా రెండు కణతల మీద అదిమాడు. మీ బావ నా చేతులు పట్టుకున్నాడు. అత్త నా తల పట్టుకుంది. వాసన వస్తే ఎక్కడిదా అనుకున్నాను.

అంతా అయినాక, నీరసపడిందని అత్తే కాఫీ కాచి నా నోటికి పెట్టింది. నువ్వు వద్దన్నది గుర్తుంది. కాదనే ఓపిక లేదు. తాగాను. కాసేపటికి తల తేలికైంది, లేచి కూర్చున్నాను. ఈరప్ప అందరి వైపూ తిరిగి "చూస్తిరా" అన్నాడు. నిజం చెప్పాలి కదా నరసమ్మా, తగ్గింది. నీ పుస్తకం కంటే ఆయన పసుపుకొమ్మే నయమేమో.

రెండు పక్కలా పుండ్లు పడ్డాయి. అద్దంలో చూసుకుంటే మూడు బొట్లు పెట్టుకున్నట్టు ఉంది. నవ్వొచ్చింది. నవ్వితే చర్మం లాగింది.

శనివారం శనివారం వచ్చి పొమ్మని అత్త ఈరప్పకు చెప్పింది.

ఓబులమ్మ.


అనంతపురం,
12-10-1958.

అక్కా,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చించి, మళ్ళీ మొదలుపెట్టాను. నేను నీకు సగం పాఠం రాశాను. మిగతా సగం ఇప్పుడు తెలిసింది.

మా వార్డులో ఒక భూస్వామి భార్య ఉంది. కడుపు ఆపరేషనుకు ముందు ఆమెకు నోటికి ఏమీ ఇవ్వలేదు. మధ్యాహ్నానికి తల పగిలిపోతోందని గోడకు కొట్టుకున్నది. నేను భయపడి డాక్టరమ్మను పిలిచాను. ఆవిడ వచ్చి అడిగిన మొదటి ప్రశ్న, "నువ్వు రోజూ కాఫీ తాగుతావా?"

తర్వాత నన్ను కూర్చోబెట్టి చెప్పారు. కాఫీ తాగినప్పుడు తలలో రక్తనాళాలు కొంచెం ముడుచుకుంటాయట. రోజూ తాగేవారి ఒళ్ళు దానికే అలవాటు పడుతుంది. వేళకు అందకపోతే ఆ నాళాలు ఉబ్బుతాయి, తల పోటు పెడుతుంది, వాంతి వస్తుంది. నాలుగు గుక్కలు లోపలికి పోతే సర్దుకుంటుంది. ఒక్కసారిగా మానితే వారం దాకా కూడా బాధించవచ్చు, ఆ తర్వాత మాత్రం విడిచిపోతుంది. మానదలచినవారు రోజురోజుకీ పొడి తగ్గించుకుంటూ రావాలి. ఒకటి రెండు సార్లు పలుచగా తాగితే కాఫీ విషమేమీ కాదు, ఆవిడా తాగుతారు.

ఇప్పుడు చూడు. శుక్రవారం సాయంత్రం తాగినదానివి శనివారం సాయంత్రం దాకా తాగవు. అందుకే శనివారం. పొద్దు పొడవకముందు తాగుతుంది కాబట్టి మీ అత్తకు రాదు. నేను మానమన్నందుకు వారమంతా వచ్చింది. వాత పెట్టాక కాఫీ పోశారు కాబట్టి తగ్గింది. ఈరప్ప చేసింది ఏమీ లేదు, కాల్చడం తప్ప.

ఈ ఉత్తరం బావకూ అత్తకూ చదివి వినిపించు. ఒక్క మాట కూడా వదలకుండా చదువు. తెలియకనే ఇంత చేశారు. తెలిస్తే ఎవరూ చెయ్యరు.

నీ నరసమ్మ.


సోమందేపల్లె,
6-11-1958.

నరసమ్మా,

చదివి వినిపించాను. ఒక్క మాట వదల్లేదు.

మీ బావ నవ్వి, తలలో నాళాలు కూడా ఉంటాయా, నీళ్ళు పారతాయా అన్నాడు. అత్త నవ్వలేదు. నూలు చిక్కు తీస్తూ విన్నది. అయిపోయాక ఇంకొకసారి చదవమన్నది. వేళకు అందకపోతే తల పోటు అన్న చోట ఆపి, "ఎంతసేపటికి వస్తాదంట?" అని అడిగింది. నాలుగు గుక్కలకు సర్దుకుంటుందన్న చోట మళ్ళీ ఆపింది. "నీ చెల్లెలు బాగా చదువుకునింది" అంది. నేను సంతోషపడ్డాను. దాచనక్కరలేదు, నీకు చదువు చెప్పించిన నాయనను తలచుకుని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాను కూడా.

ఈరప్పను ఇక రావద్దని కబురు పంపింది. నీ ఉత్తరం వల్ల వాతలు తప్పాయి.

మరుసటి రోజు కాఫీ పొడి డబ్బా పెట్టెలోకి పోయింది. పెట్టెకు తాళం పడింది. తాళంచెవి అత్త నడుముకు చేరింది. పొద్దున కాఫీ పొయ్యలేదు. అడిగితే, "మూర నేసినాక" అంది. మూర నేసేసరికి మధ్యాహ్నం దాటింది, తల వచ్చింది. లోటా తెచ్చి నా ముందర గట్టు మీద పెట్టింది. తాగబోతే పక్కకు జరిపి, "అంచు వంకర పోయినాది, ఆ జానెడు విప్పి మళ్ళ నెయ్యి" అంది. విప్పి నేశాను. కాఫీ చల్లబడి మీగడ కట్టింది. తాగాను.

ఇప్పుడు అన్నిటికీ అదే. అక్కమ్మతో మాట్లాడితే కాఫీ లేదు. తనకల్లు పేరెత్తితే లేదు. మొన్న నేను తల పట్టుకుని కూర్చుంటే వచ్చి దగ్గరగా చూసి, అక్కమ్మతో నవ్వుతూ అన్నది, "కాఫీ తాగని ఊర్లో పుట్టి కాఫీకి ఏడ్చేదయినాది. ఎద్దుకు ముకుదాడు మాదిరి, దీనికి లోటా."

కొంచెం కొంచెం తగ్గించుకోమన్నావు. తగ్గించుకోవడానికి డబ్బా నా చేతిలో ఉండాలి కదా. ఒకనాడు చిక్కగా పోస్తుంది, ఒకనాడు అసలు పొయ్యదు. నేను అలవాటు తప్పకుండా ఉండటానికి ఎంత కావాలో ఆమెకు నీ డాక్టరమ్మ కంటే బాగా తెలిసిపోయింది.

ఓబులమ్మ.


అనంతపురం,
14-11-1958.

అక్కా,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి రోగుల దగ్గర నోరు తెరిచి ఏదైనా చెప్పాలంటే భయమేస్తోంది.

తనకల్లుకు వచ్చెయ్. నాయన కాదనడు. రాలేనంటే ఒక్కటే దారి. ఒక్కసారి బాధంతా పడి బయటపడాలి. మొదటి రెండు మూడు రోజులే చెడ్డవట. ఆ రోజుల్లో ఎండలో ఉండకు, నీళ్ళు బాగా తాగు, చీకటి గదిలో తడిగుడ్డ వేసుకుని పడుకో. ఆ తర్వాత ఎవరు లోటా చూపించినా నీకేమీ కాదు.

పడుకోనిచ్చే రోజు నీకు ఆ ఇంట్లో ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియడం లేదు.

నీ నరసమ్మ.


సోమందేపల్లె,
19-1-1959.

నరసమ్మా,

పడుకోనిచ్చే రోజులు దొరికాయి. నెలకొకసారి మూడు రోజులు మమ్మల్ని బయట కూర్చోబెడతారు కదా. మగ్గం ముట్టకూడదు, కండె ముట్టకూడదు. గొడ్ల కొట్టం పక్కన వారపాకలో చాప. చదువుకున్నదానివి, నీకు గుర్తు రాలేదు.

కాఫీ అక్కడికీ వచ్చేది. అత్త పైనుంచి నా లోటాలోకి పోసి పోయేది. ముట్టుకోకుండా పొయ్యడంలో ఆమెకు మంచి నేర్పు. ఆమె వెనుదిరిగాక పేడకుప్పలో కుమ్మరించేదాన్ని. మూడు రోజులూ ముసుగు పెట్టుకుని పడుకున్నాను. ఏం జరిగిందో రాయను. నాలుక కొరుక్కున్నాను, అరవకుండా. బయట ఉన్న ఆడది ముసుగు పెట్టుకుంటే ఎవరూ తియ్యరు. నాలుగోనాడు తలకు పోసుకుని ఇంట్లోకి వచ్చాను. ఇంకో నాలుగు రోజులు మబ్బు పట్టినట్టు ఉండి, ఆ తర్వాత విడిచిపోయింది. మొన్న శనివారం దీపాలవేళ దాకా నాకు తలే గుర్తు రాలేదు.

ఈ సంగతి వాళ్ళకు తెలియదు. తెలియనివ్వను. తెలిస్తే ఇంకొకటేదో వెతుకుతుంది. పొద్దున కాఫీ రాకపోతే తల పట్టుకుని మూలుగుతాను. లోటా చూసి చెయ్యి చాపుతాను. బాగా వచ్చింది నాకు ఆ ఆట. నిన్న మీ బావే జాలిపడ్డాడు.

నా వాటా ఏం చేస్తున్నానో అడుగు. ఈ మధ్య కాచే పని నాకే అప్పజెప్పింది. పొడి ఆమె కొలిచి ఇస్తుంది, ఇద్దరికీ సరిపడా. డికాషనంతా ఆమె లోటాలోకే ఒంపుతాను. నాకు అడుగు మడ్డిలో నీళ్ళు పోసుకుంటాను. "ఇప్పటికి నీకు కాఫీ చెయ్యి తిరిగింది" అని మెచ్చుకుంది. ఈ ఇంట్లో నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు.

ఓబులమ్మ.


అనంతపురం,
2-2-1959.

అక్కా,

నీ ఉత్తరం హాస్టల్లో అందరికీ చదివి వినిపించాలనిపించింది. డాక్టరమ్మకు చెప్పాను. ఆవిడ లేచి నిలబడి, "మీ అక్క నర్సు అయి ఉండవలసింది" అన్నారు. నీకు నేను చెప్పగలిగింది ఇక లేదు. కాఫీ మానాక నిద్ర బాగా పడుతుంది, ఆకలి తెలుస్తుంది. ఆకలైనప్పుడు సిగ్గుపడకుండా అడిగి తిను.

ఒక్క మాట. అత్తకు అంత చిక్కగా పొయ్యకు. వయసు మీద పడ్డవారికి కాఫీ ఎక్కువైతే నిద్ర పట్టదు, గుండె దడదడలాడుతుంది, కడుపులో మంట పుడుతుంది. రక్తపోటు ఉంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అలవాటు ముదిరితే నీకు వచ్చిన తలనొప్పే ఆమెకూ వస్తుంది, ఇంకా గట్టిగా వస్తుంది. ఒకసారి పెనుకొండ తీసుకుపోయి చూపించండి. ఆమె నీకు ఎంత చేసినా, రోగి రోగే అని మాకు నేర్పారు.

నీ నరసమ్మ.


సోమందేపల్లె,
11-6-1962.

చిరంజీవి నరసమ్మకు,

ఈ మూడేళ్ళు నీకు పండగకు రెండు ముక్కలు తప్ప రాయలేదు. నువ్వు వజ్రకరూరు ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగంలో చేరావంటే నాయన ఊరంతా చెప్పుకున్నాడట. మంచిది.

అత్తకు పక్షవాతం వచ్చింది. ఉగాది దాటిన వారానికి, చెంబు పట్టుకుని లేస్తూ పడిపోయింది. అంతకు ముందు చాలా కాలంగా నిద్ర లేదు, గుండె కొట్టుకుంటుంది అనేది. కాఫీ తాగితే నెమ్మదిస్తుందని ఇంకొంచెం అడిగేది. అడిగినంత పోశాను. పెనుకొండ డాక్టరు కాఫీ వల్లే అని చెప్పలేమన్నాడు. నేను అడిగానులే, నీ బదులు.

కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మూతి పక్కకు తిరిగింది. మాట లేదు. "కా" అని మాత్రం అంటుంది. "కా, కా" అని రోజంతా. అక్కమ్మ అది కాకి కూత అని తేల్చింది. పదేండ్ల కిందట పోయిన మా మామ కాకి రూపంలో వచ్చి పిలుస్తున్నాడట, ఈమె పలుకుతున్నదట. "మొగుడు పిలుస్తాండాడు, పోయేదానికి తొందరపడతాంది పాపం" అని ఊర్లో అందరూ వచ్చి చూసి పోతున్నారు. మీ బావ రోజూ పొద్దున్నే గోడ మీద కాకులకు అన్నం పెడుతున్నాడు. కాకులు తిన్నప్పుడల్లా ఆమె ఇంకా గట్టిగా అరుస్తుంది.

అది ఏ మాటో నాకు తెలుసు. నీకూ తెలిసే ఉంటుంది.

పోస్తున్నాను, పొయ్యకుండా లేను. శనివారం మాత్రం ఒక్కపొద్దు. ఆమె పెట్టిన ఆచారమే. పొద్దు పొడవకముందు తాగేది ఇప్పుడు కుదరడం లేదు. తాళంచెవి నా నడుముకు ఉంది, నేను లేచేసరికి పొద్దు పొడుస్తుంది.

ఓబులమ్మ.


వజ్రకరూరు,
18-6-1962.

అక్కా,

రోగికి ఒక్కపొద్దు లేదు. ఏ సామీ అడగడు. శనివారం కూడా వేళకు పొయ్యి. ఆమెకు ఆ తలనొప్పి ఎట్లా ఉంటుందో ఈ లోకంలో అందరికంటే నీకే బాగా తెలుసు. చెప్పుకోవడానికి నీకు నోరైనా ఉండింది.

ఆమె అడుగుతున్నది కాఫీ అని ఒక్కరికి చెప్పు, చాలు. నువ్వు చెప్పలేవేమోనని బావకే కార్డు రాస్తున్నాను, వేరే ఎవరిచేతనైనా చదివించుకుంటాడు.

అక్కా, నువ్వు అట్లాంటిదానివి కాదు.

నరసమ్మ.


సోమందేపల్లె,
9-7-1962.

నరసమ్మా,

మీ బావకు రాసిన కార్డు అందింది. ఆయన నా చేతికే ఇచ్చి చదవమన్నాడు. నువ్వు క్షేమమనీ, వజ్రకరూరులో వానలు లేవనీ, అత్తను ప్రేమగా చూసుకోమన్నావనీ చదివాను. కళ్ళు తుడుచుకున్నాడు.

మొన్న శనివారం అత్త మరీ అరిచింది. మంచి చేత్తో తల నేలకు కొట్టుకుంది. కక్కుకుంది. అక్కమ్మ చూడలేక ఈరప్పను పిలుచుకొచ్చింది. నేను పిలవలేదు. వద్దని కూడా అనలేదు. ఈరప్ప ముసలివాడైనాడు, చెయ్యి వణుకుతుంది, పసుపుకొమ్ము ఒకచోట పెట్టబోతే ఒకచోట పడింది. మీ బావ చేతులు పట్టుకున్నాడు. తల పట్టుకోవడానికి మనిషి కావలసి వచ్చింది. నేను పట్టుకున్నాను.

దగ్గరగా ఉన్నాను కదా, ఆమె నా ముఖమే చూసింది. నా కణతల మచ్చలు చూసింది. "కా" అనలేదు అప్పుడు. నోరు మూసుకుంది. అందరిలో తెలివైనది ఆమెనే నరసమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నది.

అయినాక కాఫీ పోశాను. కాసేపటికి నెమ్మదించింది. ఈరప్ప మీసం దువ్వుకుని, "కోడలికి తగ్గిన చెయ్యే ఇది" అన్నాడు. ప్రతి శనివారం వస్తానన్నాడు.

ఓబులమ్మ.


వజ్రకరూరు,
16-7-1962.

అక్కా,

వచ్చే నెల మొదటి శనివారానికి సెలవు దొరికింది. వస్తున్నాను. ఊరందరి ముందర చెబుతాను, కాకి ఏదో, కాఫీ ఏదో. ఈలోగా ఆమెకు రోజూ కాఫీ పోస్తున్నానని ఒక్క ముక్క రాయి. నిన్ను వేడుకుంటున్నాను.

నరసమ్మ.


సోమందేపల్లె,
30-7-1962.

నరసమ్మకు,

నువ్వు ఇక రానక్కరలేదు. నీ ఉత్తరం అందిన మరుసటి పొద్దునే అత్త పోయింది. పెద్దదినం మొన్న శనివారం జరిగింది. అందరి ముందర చెబుతానన్నావు కదా, అందరూ ఆనాడు వంక గట్టున చేరే ఉన్నారు.

కాకికి పెట్టారు. అన్నం, పప్పు, వడలు, ఆమెకు ఇష్టమని పాయసం, తమలపాకులు. ఎండలో నిలబడ్డాం. కాకులు చెట్టు మీద ఉన్నాయి, దిగలేదు. ఒకటి దిగి విస్తరి చుట్టూ నడిచి ముట్టకుండా పోయింది. ఏదో కోరిక మిగిలిపోయిందన్నారు. మీ బావ దండం పెట్టి, "అమ్మా, ఏం కావల్లమ్మా, మగ్గం ఇడిసిపెట్టనులే, ముట్టమ్మా" అని ఏడ్చాడు. ముట్టలేదు. అప్పుడు అక్కమ్మకు తట్టింది. "కాఫీ అంటే పానం కదా ఆయమ్మకు. ఒక లోటా కాచి తెచ్చి పెట్టు ఓబులమ్మా, ముడతాది చూడు" అంది. అందరూ నా వైపు తిరిగారు. ఇంతమందిలో ఆ మాట కనిపెట్టింది అక్కమ్మ, అదీ పోయినాక.

ఇక్కడి నుంచి పుస్తకంలో మాదిరి రాయలేను. కొట్టాలంటే వచ్చి చేతి మీద కొట్టిపో.

పెట్టె తాళంచెవి యాడనో పోయినాదని చెప్పినా. నడుముకే ఉండాది. కొంగు కప్పుకున్యా. మీ బావ ఇల్లంతా ఎతికినాడు. మద్యాన్నం దాంక చూసి, కాకి ముట్టకపాయె, కడకు ఆవుకు పెట్టి స్నానాలు చేసినారు. శనివారమే, ఒక్కపొద్దుంటి. తల నొయ్యలేదు. రాత్రి బాగ నిద్ర పట్టినాది. కాఫీ మానితే నిద్ర బాగ పడతాదని నువ్వే కదమ్మే రాసింది.

ఓబులమ్మ.